గుత్తి సాలీడు, దాని చీటీ

గుత్తి పేరెత్తితే ఎవరికైనా కోట గుర్తొస్తుంది, లేదంటే అర్ధరాత్రి రైలు మారిన జంక్షన్ గుర్తొస్తుంది. సాలీళ్ళను పెంచే పిచ్చి ఉన్న విదేశీయులకు మాత్రం గుత్తి అంటే నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడు. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న ఆర్.ఐ. పొకాక్ ఒకే ఒక్క నమూనాను ముందు పెట్టుకుని ఆ జాతిని వర్ణించి, పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. అది దొరికింది గుత్తి రైల్వే స్టేషన్ కలప యార్డులో. కాబట్టి చీటీ మీద గుత్తి అని పడింది. ఆ తర్వాత దాదాపు నూరేళ్ళు ఆ సాలీడు శాస్త్రవేత్తల కంట మళ్ళీ పడలేదు.

చీటీ అబద్ధమాడలేదు. దొరికింది గుత్తిలోనే, కానీ దాని కాపురం అక్కడ కాదు. ఈశాన్య దిక్కున నూరు కిలోమీటర్ల అవతల, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో, ముదురు చెట్ల తొర్రల్లో అది బతుకుతుందని 2000 తర్వాత గానీ తేలలేదు. కొట్టిన దుంగలో దాక్కుని రైలెక్కి గుత్తిలో దిగిందని ఇప్పుడు అనుకుంటున్నారు. గుత్తి చుట్టూ ఉన్న బోడి గుట్టల్లో ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది? ‘కలప యార్డు’ అన్న మాట నిలిచింది కాబట్టే అసలు సంగతి ఊహకు అందింది. వట్టి ‘గుత్తి’ అని మిగిలి ఉంటే, అనంతపురం జిల్లాలో అంతరించిపోయిన జాతి అని రాసి పుస్తకం మూసేసేవాళ్ళేమో.

ప్రకృతి చరిత్ర మ్యూజియంలో క్యురేటర్ చేసే పని ఏమిటని అడిగితే, చాలావరకు జవాబు ఆ చీటీ చుట్టూనే తిరుగుతుంది.

మద్రాసు పోయొచ్చిన పాతతరం వాళ్ళు అక్కడి మ్యూజియాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనీ, జూని ‘బతికిన కాలేజీ’ అనీ అనేవాళ్ళు. పేరు భలే కుదిరింది గానీ, చూడ్డానికి పోయినవాళ్ళకు అద్దాల వెనక నిలబెట్టిన పులీ, తిమింగలం ఎముకలూ మాత్రమే కనిపిస్తాయి. అసలు మ్యూజియం లోపలి గదుల్లో, సొరుగుల్లో, బీరువాల్లో ఉంటుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సుమారు 8 కోట్ల వస్తువులున్నాయి. జనానికి చూపించేది అందులో పిసరంత. మిగతాదంతా దాచిపెట్టిన సాక్ష్యం. ఏ జంతువు, ఏ మొక్క, ఏ కాలంలో, ఏ చోట ఉండేదో చెప్పే సాక్ష్యం. ఆ సాక్ష్యం చెడిపోకుండా, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూసి, అడిగినవాళ్ళకు తీసి చూపించే మనిషి క్యురేటర్. కోర్టులో రికార్డు గది చూసే గుమాస్తా పనికీ దీనికీ దగ్గర పోలిక ఉంది. కాకపోతే ఈ గుమాస్తాకు రికార్డు చదివి అర్థం చెప్పడం కూడా రావాలి.

ఈ సాక్ష్యాల్లో అన్నిటికన్నా పెద్దపీట హోలోటైప్‌కి. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఏ ఒక్క నమూనాను ఆధారంగా చూపుతారో, ఆ పేరు ఇక ఎప్పటికీ దానికే కట్టుబడి ఉంటుంది. చాలా మ్యూజియాల్లో దానికి ఎర్ర చీటీ కడతారు. నిప్పంటుకుంటే ముందు బయటికి మోయాల్సినవి ఏవో ఆ ఎరుపు చూసి తెలుసుకోవచ్చు. ఇది ఉత్తి మాట కాదు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది.

ఇక చీటీని దగ్గరగా చూద్దాం. స్పిరిట్‌లో నిలవ చేసిన కప్ప సీసా ఒకటి ఉందనుకోండి. సీసా బయట అంటించిన కాగితం పదేళ్ళలో ఊడిపోతుంది, లేదా ఒలికిన స్పిరిట్‌కి అక్షరాలు చెరిగిపోతాయి. అందుకే అసలు చీటీ సీసా లోపలే, కప్పతో పాటు మునిగి ఉండాలి. మామూలు కాగితం స్పిరిట్‌లో నాని పిండి అయిపోతుంది కాబట్టి నూలుపీచుతో చేసిన దళసరి కాగితం వాడతారు. బాల్‌పెన్నుతో రాస్తే మర్నాటికి సీసా అంతా నీలం రంగు, చీటీ తెల్లగా ఉంటుంది. పెన్సిలుతో గానీ, చెరగని నల్ల సిరాతో గానీ రాయాలి. దాన్ని దారంతో కప్ప కాలికి కడితే ఇంకా మేలు, ఒకే సీసాలో నాలుగు కప్పలున్నా ఎవరి చీటీ ఎవరిదో తికమక ఉండదు. చీటీ మీద ఉండాల్సినవి ఎక్కువేం కాదు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు, వరస సంఖ్య. జాతి పేరు కూడా రాస్తారు గానీ, నిజానికి అందులో అన్నిటికన్నా తక్కువ అవసరమైనది అదే. పేరు తప్పైతే రేపు తెలిసినవాళ్ళు చూసి దిద్దుతారు. ఊరు పేరు రాయకపోతే దిద్దేవాడు పుట్టడు.

దిద్దడానికీ ఒక పద్ధతుంది. పాత చీటీ తప్పని తేలినా దాన్ని తీసి పారేయకూడదు. దాని పక్కన కొత్తది చేర్చి, ఎవరు, ఏ ఏడు దిద్దారో రాయాలి. ఒక మంచి సేకరణలో పాత నమూనాకు మూడు నాలుగు చీటీలు వేలాడుతుంటాయి, మన ఇళ్ళ దస్తావేజులకు లింకు డాక్యుమెంట్లు ఉన్నట్టు. శుభ్రంగా కనిపించాలని పాతవాటిని తీసేసి అన్నిటికీ ఒకే అచ్చులో కొత్త చీటీలు వేయించే ఉత్సాహవంతుడు, చెదల కన్నా ఎక్కువ నష్టం చేస్తాడు.

రాయలసీమ చీటీలు చదవడం ఇంకో విద్య. 1900 నాటి నమూనా మీద ‘కర్నూలు జిల్లా’ అని ఉంటే అది ఎక్కడిదని అర్థం? గిద్దలూరు, మార్కాపురం, కంభం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల 2022లో నంద్యాల జిల్లాకు పోయాయి. బనగానపల్లె 1948 దాకా సంస్థానం, అంటే ఆ చీటీలో జిల్లా పేరే ఉండకపోవచ్చు. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో. అంతకు ముందు పట్టిన పిట్ట మీద ‘బళ్ళారి’ అని ఉంటే అది ఇప్పటి కర్ణాటకదో, ఇప్పటి అనంతపురందో పట్టిన మనిషి ఆ రోజుల్లో ఎక్కడ మకాం వేశాడో చూసుకుని తేల్చుకోవాలి. పైగా దొరల స్పెల్లింగులు. కర్నూలుకు ఇంగ్లీషులో రెండు మూడు రూపాలు, కడపది మరీ దారుణం. ఇక పల్లెల పేర్లు సరేసరి. కొత్తపల్లె, రెడ్డిపల్లె అని మాత్రమే రాసి ఉంటే ఏ తాలూకా కొత్తపల్లె అని వెతకాలి? ఇప్పుడు ప్రతి పాత చీటీకీ అక్షాంశ రేఖాంశాలు కట్టే పని ప్రపంచమంతా నడుస్తోంది. కంప్యూటర్ సగం చేస్తుంది. మిగతా సగానికి ఆ నేల తెలిసిన మనిషి కావాలి. కోల్‌కతాలోనో లండన్‌లోనో కూర్చున్న క్యురేటర్‌కి మన తాలూకాల చరిత్ర ఎంతని తెలుస్తుంది?

రెడ్డిపల్లె అన్నాం కాబట్టి కలివి కోడి సంగతి చెప్పుకోవాలి. కడప జిల్లాకు ప్రపంచ పక్షిశాస్త్రంలో చోటు సంపాదించి పెట్టిన పిట్ట అది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ ద్వారా లోకానికి తెలిసింది గనక ఇంగ్లీషులో ఆయన పేరే, జెర్డన్స్ కోర్సర్ అని, స్థిరపడింది. శాస్త్రీయ నామం పెట్టింది మాత్రం ఆయన కాదు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యురేటర్ ఎడ్వర్డ్ బ్లిత్ 1848లో ఆ పేరు పెట్టాడు. మెడ కింద రెండు పట్టీలు ఉన్నాయి కాబట్టి లాటిన్‌లో ‘బైటార్క్వేటస్’ అన్నాడు. దేశం నలుమూలల నుంచి జెర్డన్ లాంటివాళ్ళు పంపిన చర్మాలు చూస్తూ, వాటికి పేర్లు పెడుతూ, జాబితాలు రాస్తూ బ్లిత్ 20 ఏళ్ళు ఆ మ్యూజియంలో గడిపాడు. ఏడాదికి 300 పౌన్ల జీతం. ఆ 20 ఏళ్ళలో ఒక్కసారి కూడా పెరగలేదు. క్యురేటర్ ఉద్యోగం గురించి చెప్పుకునేటప్పుడు ఈ ముక్క వదిలేయడం న్యాయం కాదు.

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తర్వాత ఆ పిట్ట జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర స్థానిక వేటగాడొకరు రాత్రిపూట లైటు వెలుగులో ఒకదాన్ని పట్టారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ వచ్చి చూసి అదేనని తేల్చారు. పట్టిన పిట్ట కొన్నాళ్ళకే చనిపోయింది, దాన్ని సొసైటీ సేకరణలో భద్రపరిచారు. రెండేళ్ళకు, 1988లో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 86 ఏళ్ళు ఎవరూ చూడని పిట్టను ‘ఇది అదే’ అని ఎలా చెప్పగలిగారు? పాత చర్మాలు, వాటి వర్ణనలు ఎవరో పురుగు పట్టకుండా దాచి ఉంచబట్టే కదా.

ఆ తర్వాత కథ ఇంకా చిత్రం. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల సేకరణ చూస్తుంటే ఒక గుడ్డు కనిపించింది. కోలారు బంగారు గనుల దగ్గర 1917లో తీసినదని దాని వివరం. గుడ్డు నుంచి తీసిన డీఎన్ఏని పాత మ్యూజియం నమూనా డీఎన్ఏతో పోల్చి అది కలివి కోడిదేనని 2013లో ప్రకటించారు. అప్పటికి శాస్త్రానికి తెలిసిన కలివి కోడి గుడ్డు ప్రపంచంలో అదొక్కటే. 96 ఏళ్ళు అది సొరుగులోనే ఉంది. దాన్ని తీసినవాడికి డీఎన్ఏ అనే మాటే తెలియదు. 1900కీ 1986కీ నడుమ, అంతరించిందనుకున్న కాలం మధ్యలో, పిట్ట కోలారు దగ్గర గుడ్డు పెట్టిందని ఆ చీటీ చెప్పింది.

సేకరించినవాడు ఊహించని ప్రశ్నకు నమూనా జవాబు చెప్పడం ఈ రంగంలో మామూలే. ఇంగ్లండులో డెరెక్ ర్యాట్‌క్లిఫ్ 1967లో డేగ గుడ్ల పెంకులు 1940ల చివరి నుంచి పలచబడ్డాయని చూపించాడు. అంతకు ముందటి గుడ్లు మ్యూజియాల్లో, గుడ్లు పోగుచేసే సరదారాయుళ్ళ ఇళ్ళలో తేదీలతో సహా ఉండబట్టి పోల్చగలిగాడు. డీడీటీ అనే పురుగుమందు మీద కేసు అలా బలపడింది. ఆ సరదారాయుళ్ళు పిట్టల గూళ్ళు దోచినవాళ్ళే, వాళ్ళను పొగడాల్సిన పని లేదు. గుడ్డు మీద తేదీ రాశారు, అంతవరకు మేలు.

బేతంచెర్ల పేరు చెబితే నాపరాళ్ళు గుర్తొస్తాయి, సీమలో సగం ఇళ్ళ కింద పరిచినవి అవే. ఆ ఊరి దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. కెప్టెన్ న్యూబోల్డ్ వాటి గురించి 1844లో రాశాడు. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు కలిసి తవ్వారు. ఫూట్ ఒక గుహకు ‘చార్నెల్ హౌస్’ అని పేరు పెట్టాడంటే, అంటే ఎముకల కొట్టం అని, లోపల ఏం దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు. దొరికిన ఎముకలను శిలాజాల నిపుణుడు లైడెకర్ 1886లో వర్ణించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని మన ఊరి పేరే పెట్టాడు. కర్నూలు ఎండలో ఖడ్గమృగం తిరిగిందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఆ పేరు వేరే జాతికి చెల్లుతుందా, తెలిసిన ఖడ్గమృగమేనా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆ ఎముకల దగ్గరికే పోవాలి, వేరే దారి లేదు.

గుహ ఎముకకు ఊరు పేరొక్కటే చాలదు. ఎంత లోతున, ఏ మట్టి పొరలో దొరికిందో ఉండాలి. పై పొరలో మేక ఎముకా, అడుగు పొరలో ఖడ్గమృగం ఎముకా ఒకే డబ్బాలో పడితే రెండూ వట్టి ఎముకలే. పొరలను జాగ్రత్తగా చూసి కాలం లెక్క కట్టిన పరిశోధకులు 2014లో ఒక ఆశ్చర్యమైన సంగతి చెప్పారు: బిల్లసర్గంలో గత 2 లక్షల ఏళ్ళ పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు ఉపఖండంలో నిలిచి ఉన్నాయి. పోయింది థీరోపిథీకస్ అనే కోతి జాతి ఒక్కటే. మిగతా ఖండాల్లో పెద్ద జంతువులు అంతరించిపోయిన కాలంలో ఇక్కడ ఎందుకు నిలిచాయన్నది పెద్ద ప్రశ్న. అంత పెద్ద ప్రశ్న, ఏ పన్ను ఏ పొరదో రాసిపెట్టిన చీటీల మీద ఆధారపడి ఉంది.

శత్రువుల సంగతి క్లుప్తంగా. ఎండబెట్టిన చర్మాలకు, పురుగుల పెట్టెలకు ఆంత్రీనస్ అనే చిన్న పెంకు పురుగు ప్రాణాంతకం. తమాషా ఏమిటంటే దాని చుట్టమైన డెర్మెస్టిస్ పురుగునే క్యురేటర్లు విడిగా పెంచి, అస్థిపంజరం మీద మాంసం తినిపించి శుభ్రం చేయిస్తారు. ఆ గదికీ సేకరణ గదికీ మధ్య తలుపు గట్టిగా మూయడం మర్చిపోతే చుట్టం ఇల్లు గుల్ల చేసి పోతాడు. పూర్వం చర్మాలకు ఆర్సెనిక్ సబ్బు, హెర్బేరియం షీట్లకు, అంటే ఎండు మొక్కలు అతికించిన అట్టలకు, పాదరసపు విషం పూసేవాళ్ళు. ఆ పాత నమూనాలను ఇప్పటికీ వట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఈ కాలంలో అనుమానం వచ్చిన పెట్టెను డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు పెడతారు. సీమ వాతావరణం ఒక విధంగా వరమే, కోస్తాలో లాగా బూజు బెడద అంత ఉండదు. కానీ మే నెల ఎండకు మూత సరిగ్గా లేని సీసాలో స్పిరిట్ ఆవిరైపోతుంది. సెలవుల్లో తాళం వేసిన గది జూన్‌లో తెరిస్తే అడుగున ఒట్టి వరుగు మిగులుతుంది.

ఇది కాలేజీలు చూసినవాళ్ళందరికీ తెలిసిన దృశ్యమే. కర్నూలు, కడప, అనంతపురం పాత డిగ్రీ కాలేజీల్లో చదివినవాళ్ళకు ప్రకృతి చరిత్ర మ్యూజియం అంటే జువాలజీ ల్యాబ్ పక్క గది. గాజు బీరువాలు, పసుపు పచ్చగా మారిన ఫార్మలిన్, అందులో తేలే బల్లి, నత్త, నట్టల పురుగు, పాము. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఆ సీసాలు బల్లల మీదికొస్తాయి. స్పాటర్ నంబర్ ఐదు, గుర్తుపట్టి రెండు పాయింట్లు రాయి, బెల్ మోగగానే పక్క బల్లకు జరుగు. స్పాటర్‌కి ఊరు, తేదీ అక్కర్లేదు. నిజానికి పేరు కనపడకూడదు కాబట్టి చీటీ మీద తెల్ల కాగితం అంటిస్తారు. సాక్ష్యంగా ఉండాల్సిన వస్తువు అలా పరీక్ష సామాను అయిపోయింది. గది తాళంచెవి ల్యాబ్ అటెండర్ దగ్గర ఉంటుంది. ఆయన ఓపికున్న మనిషైతే సీసాల్లో ద్రవం పోస్తుంటాడు, ఆయన రిటైరైతే అదీ లేదు. నిజం చెప్పాలంటే సీమ జిల్లాల్లో ఎన్నో సేకరణలను ఇన్నాళ్ళు కాపాడింది క్యురేటర్ అన్న పదవి లేని ఈ అటెండర్లే.

ఫార్మలిన్ ఎందుకంటే చవక కాబట్టి. ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపితే సరిపోతుంది. అది ప్రాణిని బిగుసుకునేలా చేయడానికి మంచిదే, కానీ కొన్ని రోజుల తర్వాత తీసి 70 శాతం స్పిరిట్‌లోకి మార్చాలి. లేకపోతే ఆమ్లం పెరిగి ఎముకలను, నత్త గుల్లలను తినేస్తుంది, డీఎన్ఏ కూడా పాడవుతుంది. స్పిరిట్ కావాలంటే ఎక్సైజు శాఖ అనుమతి కావాలి, ఆ కాగితాల వెంట తిరిగే ఓపిక ఎవరికి? కాబట్టి ముప్పై ఏళ్ళ కింద ఫార్మలిన్‌లో వేసింది ఇంకా ఫార్మలిన్‌లోనే ఉంటుంది. 2014లో యూజీసీ డిగ్రీ తరగతుల్లో జంతువుల కోతలు ఆపమన్న తర్వాత కొత్తవి పట్టుకురావడమూ తగ్గింది. ఆపడం మంచిదే, అందులో వాదన లేదు. అయితే దాంతో పాతవాటి విలువ పెరిగిందన్న సంగతి చాలామందికి తట్టలేదు. 1970ల్లో తుంగభద్ర ఒడ్డున పట్టిన చేప సీసాలో ఉంటే, అలాంటి నమూనా మళ్ళీ తేలేం.

మొక్కల విషయంలో కాస్త మెరుగు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం ఉంది, సీమ కొండలూ తూర్పు కనుమలూ తిరిగి పోగుచేసిన మొక్కలతో. మొక్కను పాత దినపత్రికల మధ్య అదిమి, రోజూ కాగితాలు మారుస్తూ ఎండబెట్టి, అట్టకు కుట్టి, కుడి కింది మూలన చీటీ అంటిస్తారు. సీసాతో పోలిస్తే ఖర్చు తక్కువ, కరెంటు పోయినా బాధ లేదు. కడప కొండల్లో బ్రిటిష్ కాలపు అటవీ అధికారి బెడ్డోమ్ సేకరించిన మొక్క నుంచే 1883లో సైకస్ బెడ్డోమీ అనే చెట్టుకు పేరు వచ్చింది. దాని అంతర్జాతీయ వ్యాపారం ఇప్పుడు దాదాపు పూర్తిగా నిషేధం.

వ్యాపారం మాట వచ్చింది కాబట్టి మళ్ళీ గుత్తి సాలీడు. దాన్ని 2008లో తీవ్రంగా అంతరించే దశలో ఉన్న జాతుల్లో చేర్చారు. అది బతికే చోటు నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేదని అంచనా. నీలం రంగు కోసం విదేశాల్లో పెంపుడు జీవిగా అమ్ముతారు, 2019లో ఆ ప్రజాతి మొత్తాన్ని, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కిందికి తెచ్చారు. ఇక్కడ క్యురేటర్‌కి కొత్త చిక్కు వచ్చిపడింది. నూరేళ్ళ కింద తప్పు, వివరం చాలకపోవడం. ఇప్పుడు చీటీ మీద ఏ చెట్టు, ఏ మలుపు అన్నంత కచ్చితంగా రాయాలి, అదే చీటీని ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు జిల్లా పేరు దాటి చెప్పకూడదు. లేకపోతే దొంగలకు దారి చూపినట్టే. రెండు చీటీలు నడపాలి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఎవరికి లోపలి చీటీ చూపించాలన్నది క్యురేటర్ తేల్చుకోవాలి.

గుత్తి సాలీడు లండన్‌లో, బ్లిత్ చూసిన చర్మాలు కలకత్తా దారి పట్టాయి, కలివి కోడి ముంబైలో, దాని గుడ్డు అబర్డీన్‌లో. సీమ ప్రకృతి చరిత్రకు ఆధారాలు ఎక్కువగా సీమ బయటే ఉన్నాయి. వాటిని తిరిగి తెమ్మని అడగొచ్చు, తెచ్చి ఎక్కడ పెడతామన్న ప్రశ్నకు జవాబుండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనిపెట్టినవాళ్ళు నమూనాను గుర్తింపు పొందిన భాండాగారానికి ఇవ్వాలి, కాబట్టి ఇకమీదట దొరికేవాటికి ఒక దారి ఉంది. కాలేజీ బీరువాల్లో ఇప్పటికే ఉన్నవాటికి లేదు.

వాటికి ముందు కావాల్సింది భవనం కాదు, ఒక రిజిస్టరు. సీసా సీసాకూ నంబరు, ఫొటో, చీటీ మీద ఉన్నది ఉన్నట్టు నకలు, ఏమీ లేకపోతే ‘చీటీ లేదు’ అని, ఆ మాట రాసిన తేదీ. ఇద్దరు విద్యార్థులకు ఒక వేసవి పని. ఆ తర్వాత రిటైరైన పాత లెక్చరర్ల ఇళ్ళకు పోయి అడగాలి. పాతకాలం మాస్టర్లు చాలామంది చీటీ మీద నంబరు మాత్రం వేసి, వివరాలు సొంత నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళు. సీసా కాలేజీలో ఉంటుంది, నోట్‌బుక్ ఇంట్లో అటక మీద ఉంటుంది. మాస్టారు పోయాక పిల్లలు బెంగుళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చి ఇల్లు ఖాళీ చేస్తారు. పాత పేపర్లవాడు వీధిలోకి వస్తాడు, కిలో లెక్కన తూకం వేస్తాడు. కాలేజీలో సీసా లోపల పెన్సిలుతో రాసిన 47 అంకె చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.